తెర తీయగానే వచ్చి వాలు సందేశములు

కంప్యూటరు తెరకు వేసిన తాళమును తీసినంతనే పనివానికి పని కనబడవలెను. కాని నేడు ముందుగా కనబడునది పని కాదు. కుడివైపు మూలనుండి ఒక చిన్న పలక జరిగివచ్చి, యంత్రమునకు క్రొత్త సవరణ సిద్ధముగా నున్నదనును. దాని వెంట నింకొకటి వచ్చి, ఎవరో ఫోటో పంపిరనును. మఱియొకటి తగ్గింపు ధరకు చెప్పులు కొనుమనును. వీనిని త్రోసి త్రోసి యసలు పనికి వచ్చుసరికి, దేనికొఱకు కూర్చుంటిమో యదియే మఱచిపోవుదుము. మా పాఠశాల కంప్యూటరు గదిలో ఈ విసుగును విద్యార్థులును మేమును సమానముగా ననుభవించుచున్నాము గనుక, దాని కారణమును నివారణమును గూర్చి కొంత వ్రాయదలచితిమి.

తాళము వేసినంతమాత్రమున యంత్రము నిద్రించినట్లు కాదు. తెర మాత్రమే మూతపడును. లోపల తపాలా, వాట్సాప్, బ్రౌజరు మొదలగునవి మేలుకొనియే యుండి, వచ్చినదానిని వచ్చినట్లు కూడబెట్టుచుండును. యంత్రము నిజముగనే నిద్రావస్థలో నున్నచో ఇంటర్నెట్టు సంబంధము తెగియుండును. మేల్కొనగానే యది తిరిగి కలిసి, యంతవఱకు ఆగియున్నవన్నియు నొక్కుమ్మడిగా దిగును. సంతనాడు సంగారెడ్డి బస్సు తలుపు తెఱచినట్లుండును. మఱియొక కారణము వ్యాపార సంబంధమైనది. తాళము తీసిన క్షణమున మనుష్యుడు తెర యెదుట నున్నాడనుట నిశ్చయము. ప్రకటన చేయువానికి అంతకంటె మంచి వేళ యేది?

ఈ సందేశము లన్నియు నొక్క జాతివి కావు. కొన్ని యంత్రము తన క్షేమము కొఱకు చెప్పునవి, కొన్ని మనుష్యులు పంపునవి, తక్కినవి అమ్మకపువారివి. ఈ కడపటివానిలో బ్రౌజరు ద్వారా వచ్చునవి మిక్కిలి చెడ్డవి. 2015వ సంవత్సరమున క్రోము బ్రౌజరులో నీ సౌకర్యమేర్పడినది మొదలు, ఏదేని వెబ్‌సైటు "అల్లో" అను మీటను నొక్కుమని యడుగుటయు, పిల్లలు చదువకయే నొక్కుటయు వాడుకయైనది. ఆ సైటును మూసివేసిన పిదపను దాని సందేశములు వచ్చుచునే యుండును. యంత్రమునకు వైరసు సోకినదని బెదరించి, ఫలానా చోట నొక్కుమను మోసగాండ్రును ఈ త్రోవనే వత్తురు.

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో పనిచేయు తలిదండ్రులు గల విద్యార్థులకు ఇందలి యపాయము సులభముగా బోధపడును. కంట్రోలు గదిలో అలారము మ్రోగినచో దానికొక యర్థముండవలెను. 1994వ సంవత్సరము జూలై 24వ తేదీన వేల్సు దేశమున మిల్ఫర్డు హేవెన్ అను చోట చమురు శుద్ధి కర్మాగారములో ప్రేలుడు సంభవించి 26 మంది గాయపడిరి. దానికి ముందటి 11 నిమిషములలో ఇద్దరు పనివారి యెదుట మ్రోగిన అలారములు 275. ఇన్నిటిలో ముఖ్యమైనదానిని ఎవరు ఏరగలరు? ఇట్టివి చూచిన పిమ్మట నింగ్లండులో, యంత్రములు సవ్యముగా నడుచు వేళ పనివానికి సగటున పది నిమిషములకు ఒక అలారమునకు మించరాదని మార్గదర్శకము వ్రాసికొనిరి.

మన కంప్యూటరు ప్రేలదు గాని, చదువకయే త్రోయు అలవాటు మాత్రము అదే. విండోసు 10 గల యంత్రములకు ఉచిత భద్రతా సవరణలు 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగియునను సంగతిని ముందుగా తెరమీదనే తెలిపిరి. చెప్పుల ప్రకటనను త్రోసిన వ్రేలే దీనిని కూడ త్రోసినచో, యంత్రమును మార్చవలెననియో, పొడిగింపు సవరణలకు నమోదు చేయవలెననియో యజమానికి తెలియుటెట్లు?

నివారణము కష్టము కాదు. విండోసు 11లో సెట్టింగ్స్, అందు సిస్టం, అందు నోటిఫికేషన్స్ అను పుటను తెఱచినచో, ప్రతి యాపునకును ఒక మీట కనబడును. అక్కఱలేనివానిని ఆపవలెను. తాళపు తెరమీద ఇతరులు మన సందేశములను చదువకుండ చేయు గడియు అచ్చటనే గలదు. పుట యడుగున అడిషనల్ సెట్టింగ్స్ క్రింద స్వాగత పుటలకును సలహాలకును గల టిక్కు గుర్తులను తీసివేయవలెను. క్రోములోనైతే సైట్ సెట్టింగ్స్ నందలి నోటిఫికేషన్స్ చూడవలెను. అనుమతి పొందిన సైట్ల పట్టిక నచ్చట చూచి, మాలో పలువురము ఆశ్చర్యపడితిమి!

ఉపాధ్యాయులకు వేఱుగా నొక మాట. ప్రొజెక్టరు తగిలించినప్పుడు ఇంటివారి సందేశము తరగతి యంతటికిని కనబడుట కలదు. తెరను అట్లు రెండుచోట్ల చూపు వేళ "డు నాట్ డిస్టర్బ్" తనంతట అమలగునట్లు ఆ నోటిఫికేషన్స్ పుటలోనే యేర్పాటున్నది.

భద్రతా సవరణల సందేశములను మాత్రము ఆపకుడు. మా గదిలో వానికి శుక్రవారము సాయంకాలమును కేటాయించితిమి. తొమ్మిదవ తరగతివారు ఇద్దరిద్దరుగా కూర్చుండి, వచ్చినదానిని పూర్తిగా చదివిన పిమ్మటనే మీట నొక్కుచున్నారు.