మీకు తెలుసా? బీట్‌రూట్ పుట్టిల్లు సముద్రపు ఒడ్డు

బీట్‌రూట్ విత్తనమని కొట్లో ఇచ్చేది ఒక్క గింజ కాదు. గరుకుగా, ముడతలు పడి ఉండే ఆ గోధుమరంగు ఉండలో రెండు మూడు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ గింజలు అతుక్కుని ఉంటాయి. పూలు జట్టుగా పూసి, జట్టుగానే ఎండి ముద్ద కట్టడం వల్ల అలా తయారవుతుంది. అందుకే నారు పెంచే ట్రే గుంటలో ఒకటే వేశామనుకున్నచోట నాలుగు మొలకలు లేస్తాయి. ఒంటి గింజ కాసే చక్కెర బీటు మొక్కలు 1948లో అమెరికాలోని ఓరెగాన్‌లో సవిట్‌స్కీ అనే శాస్త్రవేత్త కంట పడ్డాయి. అలాంటి రకాలు సాగులోకి వచ్చేవరకూ చక్కెర బీటు రైతులకు పొలమంతా వంగి ఒత్తు మొక్కలు ఏరడం పెద్ద కూలి ఖర్చు. మన పెరటి బీట్‌రూట్‌లో మాత్రం ఇప్పటికీ ఎక్కువ రకాలు జట్టు గింజలవే.

పాలకూర విత్తనం పక్కన పెట్టి చూడండి, ఏది ఏదో చెప్పడం కష్టం. మనం పప్పులో వేసుకునే పాలకూరా బీట్‌రూటూ ఒకే జాతి. ఒకదాన్ని ఆకు కోసం, ఇంకోదాన్ని దుంప కోసం పెంచుకుంటూ వచ్చారు. కాబట్టి బీట్‌రూట్ లేతాకు చెత్తబుట్టలో వేయడం దండగ. పప్పులోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఈ రెండింటి మూలపురుషుడు అడవి బీటు. యూరప్ తీరాల్లో, మధ్యధరా ఒడ్డున, అలల తుంపర్లు పడే చోట పెరిగే మొక్క. ఆ పుట్టుక గుణం బీట్‌రూట్‌లో ఇంకా పోలేదు. నేలలో ఉప్పును కొలిచే లెక్కలో చిక్కుడు జాతి, క్యారెట్ మీటరుకు 1 డెసిసీమెన్స్ దాటగానే దిగుబడి తగ్గిస్తాయి. ఉల్లి 1.2 దగ్గర, టమాటా 2.5 దగ్గర నీరసిస్తాయి. బీట్‌రూట్ 4 దాకా చలించదు. దివిసీమలోని నాగాయలంక, కోడూరు వైపు ఉప్పు నేలల్లో కూరగాయలు పండవని పెదవి విరిచేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. అంత ఉప్పును ఓర్చుకునే మొక్క, మొలకెత్తేటప్పుడు మాత్రం ఓర్చుకోలేదు. ఆ దశలో 3 దాటకూడదంటారు. వరిది దాదాపు తిరగబడ్డ స్వభావం: మొలక ఉప్పులోనూ లేస్తుంది, లేత నారు మాత్రం మాడిపోతుంది. అందుకే ఉప్పు నేలల్లో వరికి ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు ఎక్కువేసి ఊడ్చమంటారు. ఉప్పును తట్టుకునే వరి కోసమే మచిలీపట్నం పరిశోధన స్థానం ఎంసీఎం రకాలు తెచ్చింది. బీట్‌రూట్‌కు వేరే రకం వెతకనక్కర్లేదు. గింజ దశ మంచినీళ్లలో గడిపించి, ఆ తర్వాత పొలానికి పంపితే చాలు. ఆకుమడి పోయడం తెలిసిన సీమకు ఇది కొత్త విద్యేం కాదు.

దుంప కూరగాయను పీకి నాటితే వంకరపోతుందని భయం. క్యారెట్ విషయంలో అది నిజమే, తల్లివేరు తెగితే కాళ్లు చీలుతుంది. బీట్‌రూట్‌లో ఉబ్బేది చాలావరకు వేరుకు పైన, ఆకులకు కింద ఉండే కాడ భాగం. అందుకే నాటు దెబ్బ తట్టుకుంటుంది.

గింజ ఉండ పైపెచ్చులో మొలకను ఆపే పదార్థాలు ఉంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి వేస్తే చురుగ్గా లేస్తుంది. కొబ్బరి పొట్టు నింపిన ట్రేలో గుంటకొకటి, సెంటీమీటరున్నర లోతున చాలు. కాలవ నీళ్లో వాననీళ్లో పోయాలి, ఉప్పు బోరు నీళ్లు మాత్రం ఇక్కడ వద్దు. వారం పది రోజుల్లో ఎర్రటి కాడలతో మొలకలు కనిపిస్తాయి. ఒత్తుగా ఉన్నవాటిని పీకితే పక్కదాని వేరు కూడా కదిలిపోతుంది. కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించేయండి. మూడు నాలుగు ఆకులు రాగానే, మట్టి ముద్ద విడిపోకుండా సాయంత్రం పూట నాటుకోవాలి. వరసల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10 సెం.మీ. చోటు ఎక్కువుంటే మూడు నాలుగు మొక్కలను కలిపే నాటవచ్చు, దుంపలు ఒకదాన్నొకటి నెట్టుకుని గుండ్రంగానే ఊరతాయి.

బోదె మీద ఎక్కడ నాటాలన్నదీ ముఖ్యమే. తడి ఆరేకొద్దీ ఉప్పు పైకి ఎక్కి బోదె నెత్తిన తెల్లటి పొరగా కూర్చుంటుంది. మొక్క బోదె నెత్తిన కాదు, పక్క వాలులో ఉండాలి.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో, నవంబరును నమ్మి గింజ నేలలో పోయమని ఎవరూ చెప్పరు. అక్టోబరు చివర ట్రేలు చూరు కింద పెట్టుకుని, వాయుగుండాలు సద్దుమణిగాక నాటుకోవడం మేలు. వానలు పైమట్టి ఉప్పును అప్పుడే కడిగేసి ఉంటాయి. ఎండలు ముదిరి ఉప్పు మళ్లీ పైకెక్కే సరికి మొక్క గట్టిపడుతుంది. నాటిన రెండు నెలలకు అటూ ఇటూగా దుంప తీసేయవచ్చు. గుడివాడ వైపు రేగడిలో ఉప్పు బాధ తక్కువే కానీ నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, బోదె ఎత్తుగా వేసుకోవాలి.

ఉప్పునేలను ప్రేమించే చుట్టం బీట్‌రూట్‌కు మన తీరంలోనే ఉంది. ఉప్పు కయ్యల గట్లమీద పెరిగే ఇలకూర ఆ కుటుంబానిదే. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దాని గురించి రాస్తూ, 1791 నుంచి 1793 దాకా సాగిన కరువులో తీరం వెంట వేలమంది ప్రాణాలు నిలబెట్టింది ఆ ఆకేనని జనం చెప్పుకునే మాట నమోదు చేశాడు.

ఇంకొకటి. ఇంత ఎరుపు ఉందికదా, పెడన కలంకారీకి బీట్‌రూట్ రసం పనికొస్తుందా? రాదు. ఆ రంగు నూలుకు పట్టదు. ఎండకూ వేడికీ విరిగిపోయి, ఉతికితే వెళ్లిపోతుంది. బందరు గుడ్డలకు పేరు తెచ్చిన ఎరుపు చిరివేరుది. 17వ శతాబ్దంలో యూరప్ వర్తకులు పెతాపోలి అని రాసుకున్న నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుకలో దొరికే వేరు శ్రేష్ఠమని పేరు. ఆ ఇసుకలోని గవ్వల సున్నం వల్లే రంగు అంత మెరిసేదట.