బండి బాగానే ఉంది... బుర్రే పాతబడింది!

ఇంజినాయిల్ మార్చే పనిలేదు. క్లచ్‌ప్లేట్లు అరిగిపోతాయన్న బెంగ లేదు. కానీ విద్యుత్తు కారుకి కొత్తగా మరో అవసరం వచ్చిపడింది. అదే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. మరి దాన్ని కంపెనీ ఎన్నేళ్లు ఇస్తుంది?

కారు కొనేముందు మనవాళ్లు అడగని ప్రశ్నంటూ ఉండదు. ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎన్ని కిలోమీటర్లొస్తుంది, బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లు, తిరిగి అమ్మితే ఎంతొస్తుంది... అన్నీ ఆరా తీస్తారు. ‘అప్‌డేట్లు ఎన్నాళ్లిస్తారు?’ అని మాత్రం సెల్‌ఫోన్ల షాపులో అడుగుతారు కానీ కార్ల షోరూమ్‌లో అడిగేవాళ్లు అరుదు. నిజానికి ఆ ప్రశ్న ఫోన్ కన్నా కారుకే ఎక్కువ అవసరం. ఎందుకంటే ఫోన్‌ని మూడు నాలుగేళ్లకు మార్చేస్తాం. కారు అలా కాదే! పదేళ్లూ పదిహేనేళ్లూ ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది.

పానా పట్టకుండానే...

ఫోన్‌కి వచ్చినట్టే కారుకీ ఇంటర్నెట్ ద్వారా అప్‌డేట్లు పంపే పద్ధతికి టెస్లా సంస్థ 2012లో వచ్చిన మోడల్ ఎస్‌తో ఊపు తెచ్చింది. దానివల్ల లాభమేంటంటారా? 2018లో అమెరికాలోని ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ పత్రిక టెస్లా మోడల్ 3ని పరీక్షించింది. గంటకు 60 మైళ్ల వేగంలో బ్రేకేస్తే కారు ఆగడానికి 152 అడుగులు పట్టింది. ఆ సంగతి బయటికొచ్చిన కొద్దిరోజులకే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని సరిచేసి పంపింది. మళ్లీ చూస్తే 133 అడుగుల్లోనే ఆగింది. మెకానిక్ పానా పట్టకుండానే 19 అడుగులు తగ్గిందన్నమాట!

మన దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. 2021 డిసెంబరులో కొనుగోలుదారుల చేతికొచ్చిన ఓలా ఎస్1 ప్రో స్కూటర్లకు క్రూయిజ్ కంట్రోల్ లాంటి సదుపాయాలు 2022లో అప్‌డేట్ రూపంలోనే అందాయి.

చిన్న చిప్పు... పెద్ద తంటా

అప్‌డేట్ పంపాలని కంపెనీకి ఉన్నా, అందుకోవడానికి కారులోని కంప్యూటర్‌కి సత్తా ఉండాలి కదా. 2018కి ముందు తయారైన టెస్లా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లలో 8 జీబీ మెమరీ చిప్పు ఉండేది. సమాచారాన్ని పదేపదే రాస్తూ చెరిపేస్తూ ఉండటంతో కొన్నేళ్లకు అది అరిగిపోయేది. దాంతో తెర నల్లబడేది. వెనక కెమెరా కనిపించేది కాదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ గట్టిగా అడిగాక 2021 ఫిబ్రవరిలో దాదాపు లక్షా 35 వేల కార్లను వెనక్కి పిలిపించింది టెస్లా. అలాంటి విడిభాగం కారు ఉన్నన్నాళ్లూ మన్నాలని ఆశించడం ఆర్థికంగా కుదిరే పని కాదన్నది అప్పట్లో ఆ కంపెనీ వాదన. కానీ కొనేవాళ్లు మాత్రం కారంతటికీ కలిపే డబ్బు కడతారు!

టవర్ పోతే... కంపెనీ పోతే...

కారు బాగున్నా చుట్టూ ఉన్న ప్రపంచం మారిపోవచ్చు. బ్రిటన్‌లో 2016 వరకూ తయారైన నిస్సాన్ లీఫ్ కార్లకు 2024లో ఫోన్ యాప్ సేవలు ఆగిపోయాయి. ఆ కార్లు వాడేది 2జీ నెట్‌వర్క్. అదేమో మూతపడే దారిలో ఉంది. కారు నడుస్తుంది, ఛార్జింగూ ఎక్కుతుంది. కానీ ఇంట్లో కూర్చునే ఫోన్‌లోంచి ఛార్జింగ్ మొదలుపెట్టే వీలు పోయింది.

అంతకన్నా పెద్ద కష్టం ఫిస్కర్ ఓషన్ కొన్నవాళ్లది. ఆ కంపెనీ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. కొని ఏడాదైనా నిండని కార్లకు సాఫ్ట్‌వేర్ ఎవరిస్తారో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలియక, చివరికి యజమానులే ఓ సంఘంగా ఏర్పడి దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈ విషయంలో ఫోన్ల కంపెనీలే నయం. పిక్సెల్ 8 ఫోన్‌కి ఏడేళ్లు అప్‌డేట్లిస్తామని 2023లోనే గూగుల్ బహిరంగంగా మాటిచ్చింది. కార్ల అప్‌డేట్లు ఎంత భద్రంగా ఉండాలో చెప్పే ఐక్యరాజ్యసమితి నిబంధనలు 2024 జులై నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే కొత్త కార్లన్నిటికీ తప్పనిసరయ్యాయి. అయితే కనీసం ఇన్నేళ్లు అప్‌డేట్లివ్వాలన్న లెక్క మాత్రం వాటిలో లేదు.

ఇవి అడగండి!

* భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు ఎన్నేళ్లు, కొత్త సదుపాయాలు ఎన్నేళ్లు? రెండూ విడివిడిగా అడిగి, కాగితం మీద రాయించుకోండి.

* కారులోని ఇంటర్నెట్ ఎన్నేళ్లు ఉచితం? ఆ తర్వాత ఏడాదికి చందా ఎంత?

* నెట్ లేకపోతే ఏవేవి ఆగిపోతాయి? తాళం, ఏసీ, ఛార్జింగ్ మామూలుగానే పనిచేస్తాయా?

* ఇంటర్నెట్ ద్వారా రాకపోతే సర్వీస్ సెంటర్‌లో అప్‌డేట్ చేస్తారా? దానికి డబ్బు తీసుకుంటారా?

* సెకండ్‌హ్యాండ్ కారైతే చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో తెరమీద చూపించమనండి. పాత యజమాని ఖాతాలోంచి కారుని తీసేశాకే డబ్బు చేతిలో పెట్టండి. లేదంటే తాళంచెవి మీ దగ్గరున్నా ఫోన్‌లోని తాళం వాళ్ల దగ్గరే ఉండిపోవచ్చు.

బ్యాటరీకి ఎనిమిదేళ్లు హామీ అని చాలా కంపెనీలు రాసిస్తున్నాయి. మరి బుర్రకీ ఓ లెక్క రాసివ్వమని అడగటంలో తప్పేముంది!