రాష్ట్రము మారినపుడు ఇంటి లెక్క

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో, నలుగురు కూడి భోజనమునకు కూర్చున్న చోటనెల్ల, కొన్నేండ్లుగా వినవచ్చుచున్న మాట యొకటి కలదు: "టెక్సాస్‌లో స్టేట్ టాక్స్ లేదండీ, ఇక్కడి ఇల్లు అమ్మితే అక్కడ రెండింతల ఇల్లు వస్తుంది." కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, సన్నీవేల్ పట్టణములనుండియు, న్యూజెర్సీలోని ఎడిసన్ పరిసరములనుండియు బయలుదేరి, డాలస్ నగరమునకు ఉత్తరముననున్న ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా ప్రాంతములకు చేరిన కుటుంబములలో అనేకము ఈ మాటను నమ్మియే చేరినవి. ఆ మాట అబద్ధము కాదు. కాని అందు చెప్పబడినవి ఆదాయపు పన్ను, ఇంటి ధర మాత్రమే; ఇల్లు కొన్న పిమ్మట ఏటేట ఆ ఇల్లు అడుగు ధనమును గూర్చి అందేమియు లేదు. మధ్యతరగతి సంసారములను ఇక్కట్ల పాలు చేయునది ఎక్కువగా ఈ ఏటేటి ఖర్చే గనుక, దానిని కొంత విపులముగా విచారింపవలసియున్నది.

ఏ రాష్ట్రమునకైనను పాఠశాలలు నడుపుటకు, రహదారులు వేయుటకు, రక్షకభటులను, అగ్నిమాపక దళములను పోషించుటకు ధనము కావలెను. ఆ ధనమును జీతమునుండి తీసికొనవలెనా, అంగడిలో కొన్న వస్తువునుండి తీసికొనవలెనా, తలదాచుకొన్న ఇంటినుండి తీసికొనవలెనా యన్న నిర్ణయమునందే రాష్ట్రమునకును రాష్ట్రమునకును భేదము. టెక్సాస్ ప్రజలు వ్యక్తుల ఆదాయముపై పన్ను విధింపరాదని 2019లో తమ రాజ్యాంగమునందే వ్రాసికొనిరి. ఆదాయపు పన్ను లేకపోవుటచేత అక్కడ పాఠశాలల భారము చాలవరకు ఇండ్లపై పడినది. వాషింగ్టన్ రాష్ట్రమున సామాన్యోద్యోగి జీతముపై ఆదాయపు పన్ను లేదు, ఇంటిపన్ను రేటును తక్కువయే. ఐనను సీటెల్ నగరమున అమ్మకపు పన్ను నూటికి పదికి మించియున్నది, ఇండ్ల ధరలు ఆకాశమునంటుచున్నవి. ఇల్లినాయ్ ఆదాయముపై నూటికి 4.95 చొప్పున తీసికొనుచు ఇంటిపన్నునుకూడ భారీగా వసూలు చేయును. న్యూజెర్సీలో ఆదాయపు పన్ను ఉండగనే ఒక్కొక్క ఇంటిపై సగటు ఆస్తిపన్ను ఏడాదికి 10 వేల డాలర్లు దాటిపోయినది.

కాలిఫోర్నియా సంగతి వేరు. అచ్చట 1978లో ప్రజలు వోటువేసి నెగ్గించుకొన్న 13వ ప్రతిపాదన ప్రకారము ఇంటిపన్నుకు ఆధారము కొన్ననాటి ధరయే కాని నేటి విపణి ధర కాదు. ఆ విలువ ఏడాదికి నూటికి రెండుకు మించి పెరుగరాదు, మూలపు పన్ను నూటికి ఒకటికి మించరాదు, ఆపైన వోటర్లు అంగీకరించిన బాండ్ల పన్ను మాత్రము చేరును. 2012లో 6 లక్షల డాలర్లకు ఇల్లు కొన్న దంపతులను ఉదాహరణగా తీసికొందము. ఏటేట నూటికి రెండు చొప్పున పెరిగినను 2025 నాటికి పన్ను లెక్కలో ఆ ఇంటి విలువ 7 లక్షల 76 వేలు. బాండ్లతో కలిపి నూటికి 1.2 చొప్పున వారు కట్టునది సుమారు 9,300 డాలర్లు. అదే ఇల్లు విపణిలో 15 లక్షలు పలుకుచు, నిన్న ప్రక్కయింటిని ఆ ధరకు కొన్నవాడు 18 వేలు కట్టుచుండవచ్చును. అనగా ఇన్నేండ్లు ఒకే ఇంట నివసించినందులకు ఆ దంపతులకు చట్టము మౌనముగా కూడబెట్టిపెట్టిన ఆస్తి యొకటి కలదు. ఇల్లమ్మి రాష్ట్రము దాటిననాడు అది నశించును. తిరిగివచ్చి ఇల్లు కొన్నచో నాటి ధరపై క్రొత్తగా మొదలు పెట్టవలసినదే.

ఈ దంపతులే ఫ్రిస్కోకు వచ్చి 7 లక్షల డాలర్ల ఇల్లు కొన్నారనుకొందము. టెక్సాస్‌లో పన్నును నూరు డాలర్ల విలువకు ఇన్ని సెంట్లని చెప్పుదురు. పాఠశాల జిల్లాకు సుమారు 1 డాలరు 2 సెంట్లు, నగరమునకు 43, కౌంటీకి 15, కళాశాల జిల్లాకు 8 సెంట్లని స్థూలముగా గ్రహింపవచ్చును. నివాసగృహమునకు హోమ్‌స్టెడ్ మినహాయింపు కోరినచో పాఠశాల పన్నులో 1 లక్ష 40 వేల విలువను తగ్గింతురు. 2023కు ముందు 40 వేలుగా నుండిన ఈ మినహాయింపు ఆ సంవత్సరము లక్షకును, 2025లో ఇప్పటి మొత్తమునకును పెరిగినది. తక్కిన చిన్న మినహాయింపులను విడిచి లెక్కింపగా పన్ను సుమారు 10,300 డాలర్లగును. అనగా 15 లక్షల ఇంటికి కట్టిన దానికంటె 7 లక్షల ఇంటికి వేయి డాలర్లు ఎక్కువ.

నగరపు ఎల్లలు దాటి, ఇంకను పొలములు కనుపించుచుండు క్రొత్త పేటలలో ఇల్లు చవుకగా దొరకునని పోవువారు మరియొక పేరును తెలిసికొనవలెను: 'మడ్'. మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అను దీర్ఘనామమునకు అది హ్రస్వరూపము. నీటి గొట్టములు, మురుగు కాలువలు వేయుటకు ఆ మండలి బాండ్లపై అప్పు తెచ్చును. ఆ అప్పును పేటలోని గృహస్థులు పన్ను రూపమున ఏండ్ల తరబడి తీర్తురు. అక్కడ నగరపు 43 సెంట్లు లేవు గాని మడ్ పన్ను 80 సెంట్లున్నచో, పైని ఇంటికే మొత్తము 12,900కు చేరును. అప్పు తీరుకొలదిని ఈ రేటు తగ్గుట కలదు. అది తగ్గువరకు ఆ ఇంట నిలిచియుండువా రెందరన్నది ప్రశ్న.

ఇక ఆదాయపు పన్ను. భార్యాభర్త లిరువురును ఉద్యోగములు చేసి ఏడాదికి 2 లక్షల 50 వేలు సంపాదించు సంసారము కాలిఫోర్నియాకు సుమారు 15 వేల డాలర్లు చెల్లించును. దీనికి ఇంటిపన్నును కలిపినచో 24,300. టెక్సాస్‌లో ఇంటిపన్ను మాత్రమే గనుక 10,300. ఏడాదికి 14 వేలు మిగులుట చిన్న లాభము కాదు, వలస వచ్చినవారు మోసపోయిరనుటయు న్యాయము కాదు. కాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగముల నేటి చంచలత్వములో, ఇరువురిలో ఒకరి ఉద్యోగము పోయి ఆదాయము సగమైనదనుకొనుడు. కాలిఫోర్నియా పన్ను మెట్లు మెట్లుగా నున్నది గనుక 15 వేలు కాస్తా సుమారు 4 వేలకు దిగిపోవును. టెక్సాస్‌లో దిగుటకేమియు లేదు. ఇంటి విలువకు యజమాని జీతముతో సంబంధము లేదు. అప్పుడు రెండు రాష్ట్రముల నడుమ భేదము 3 వేలకు, మడ్ ఉన్న పేటలో 400 డాలర్లకు తగ్గిపోవును. జీతముపై పన్ను సంసారముతోపాటు కృశించును, ఇంటిపై పన్ను కృశింపదు. జాగ్రత్తగా లెక్కలు వేసికొను మనవారిలో సహితము ఈ అంశమును గణించువా రరుదుగా నుండుట నన్ను కలవరపెట్టుచున్నది, ఎందుకనగా మన వలసలలో పెక్కు ఇద్దరి జీతములను నమ్ముకొన్నవి.

క్రొత్తగా కట్టిన ఇంటిని కొన్నవారికి రెండవ యేట ఒక ఉత్తరము వచ్చును. టెక్సాస్‌లో జనవరి 1వ తేదీన ఆస్తి ఏ స్థితిలో నున్నదో ఆ స్థితినిబట్టియే ఆ సంవత్సరపు పన్నును నిర్ణయింతురు. ఆనాటికి అచ్చట ఖాళీ స్థలము తప్ప గోడయు లేకున్నచో మొదటి యేటి పన్ను స్థలమునకు మాత్రమే, ఇంచుమించు 2,500 డాలర్లు. ఋణమిచ్చిన సంస్థ ఆ మొత్తమును పండ్రెండు భాగములు చేసి, వాయిదాతోపాటు నెలకు 208 చొప్పున ఎస్క్రో ఖాతాలో కట్టించుకొనును. మరుసటి యేట పూర్తి ఇంటికి 10,300 పన్ను పడగా, లోటుపడిన 7,800 డాలర్లను సంస్థయే మున్ముందు చెల్లించి, దానిని నెలకు 650 చొప్పున రాబట్టుకొనుచు, రాబోవు సంవత్సరపు పన్నుకై మరియొక 650 పెంచును. వెరసి నెలసరి వాయిదా ఒక్కసారిగా 1,300 డాలర్లు పెరిగినదని ఆ ఉత్తరమునందుండును. ఋణసంస్థ మొదటినుండియు పూర్తి విలువపై లెక్క కట్టినచో ఈ ఆపద లేదు. అట్లు కట్టుమని గృహస్థుడే వ్రాసి కోరవచ్చును, కోరవలెను. కాలిఫోర్నియాలోను ఇల్లు కొన్న కొన్ని నెలలకు 'సప్లిమెంటల్' (అదనపు) పన్ను చీటి యొకటి సరాసరి యజమాని పేరనే వచ్చును. అది ఎస్క్రోలోనే చెల్లిపోవునని ప్రక్కన పెట్టినవారు అపరాధరుసుము చెల్లింపవలసివచ్చును.

ఏటేట వసంతకాలమున, ఆస్తులకు విలువ కట్టు అప్రైజల్ డిస్ట్రిక్ట్ పంపు విలువపై మే 15లోగా, లేక నోటీసు పంపిన ముప్పది దినములలోగా, ఏది తరువాత వచ్చునో దానిలోగా అభ్యంతరము తెలుపు హక్కు టెక్సాస్‌లో ప్రతి యజమానికిని కలదు. ఇరుగుపొరుగున అమ్ముడైన ఇండ్ల వివరములతో వెళ్ళినవారికి విలువ తగ్గించుట అపూర్వము కాదు. ఆ శ్రమకు జంకరాదు.

భీమాను గూర్చి రాష్ట్రములవారీగా చెప్పవలసియున్నది. ఉత్తర టెక్సాస్‌లో వడగండ్లు ఇంటికప్పుల పాలిటి శత్రువులు. అచ్చటి భీమా పత్రములలో గాలికిని వడగండ్లకును వర్తించు డిడక్టిబుల్ తరచుగా నియతమైన మొత్తముగా గాక, భీమా విలువలో నూటికి ఒకటిగానో రెండుగానో ఉండును. 6 లక్షలకు భీమా చేసిన ఇంటికి నూటికి రెండనగా నష్టములో మొదటి 12 వేల డాలర్లు యజమానివే. కప్పు పాతబడినకొలదిని దాని తరుగుదల పోగా మిగిలినదే యిత్తుమను నిబంధనయు కొన్ని పత్రములలో నుండును. కాలిఫోర్నియాలో అగ్నిభయము కలదు; 2023లో ఆ రాష్ట్రపు అతిపెద్ద గృహభీమా సంస్థ క్రొత్త పత్రములిచ్చుట మానుకొనగా, 2025 జనవరిలో లాస్ ఏంజిలస్ చెంత పాలిసేడ్స్, ఈటన్ దావానలములు వేలకొలది ఇండ్లను భస్మము చేసినవి. ఫ్లోరిడాలో తుపానులకు వేరొక డిడక్టిబుల్ కలదు. ఏ రాష్ట్రమునందైనను సామాన్య గృహభీమా వరదను భరింపదు. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినపుడు ఎందరో ఆ సంగతిని నీటిలో నిలిచి తెలిసికొనిరి. సమాఖ్య ప్రభుత్వపు వరద భీమా ఇంటికి 2 లక్షల 50 వేలవరకే వర్తించును. సాధారణముగా తీసికొన్న ముప్పది దినములకు గాని అమలులోనికి రాదు.

నేల సంగతియు ఖర్చులోనిదే. డాలస్ ప్రాంతపు నేల మన గుంటూరు నల్లరేగడి వంటిదే: వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. దానిపై పరచిన కాంక్రీటు పునాది నేలతోపాటు కదలి గోడలు బీటలువారుట, తలుపులు బిగిసిపోవుట అక్కడ సాధారణము. అందుచేతనే వేసవిలో మొక్కలకువలె పునాది చుట్టును రంధ్రముల రబ్బరు గొట్టములు పరచి నేలను తడిపియుంచుదురు. పునాది మరమ్మతు వేల డాలర్ల పని. సామాన్య భీమా దానిని పెక్కు సందర్భములలో భరింపదు. హెచ్‌.ఓ.ఏ. (గృహయజమానుల సంఘము) చందాలు, వేసవి విద్యుత్తు, టోల్ రహదారుల రుసుములు కూడ నెలసరి లెక్కలో వ్రాసికొనవలసినవే.

ఋణమును గూర్చియు ఒక మాట. 2021 ప్రారంభమున ముప్పదేండ్ల ఋణముపై సగటు వడ్డీ నూటికి మూడుకంటె తక్కువకు దిగి, 2023 అక్టోబరునాటికి ఎనిమిదికి చేరువైనది. 4 లక్షల అప్పుకు నూటికి మూడు వడ్డీపై నెలకు 1,686 డాలర్లు; ఆరున్నరపై 2,528. న్యూజెర్సీనుండి గాని ఇల్లినాయ్‌నుండి గాని ఇంచుమించు సమానమైన ధరగల ఇంటికి మారువారు పాత అప్పును తీర్చి క్రొత్త అప్పు చేయుటవలన ఏడాదికి 10 వేలు ఎక్కువ కట్టుదురు. పన్నులో మిగిలినది వడ్డీలో పోవును. కాలిఫోర్నియా ఇంటిని పెద్ద లాభముతో అమ్మినవారికి అప్పు చేయుట తప్పవచ్చును గాని, వారికి లాభముపై పన్ను తప్పదు. అమ్మకమునకు ముందు అయిదేండ్లలో రెండేండ్లు ఆ ఇంట నివసించిన దంపతులకు 5 లక్షల లాభమువరకు సమాఖ్య పన్ను లేదు. పైని ఉదాహరణలో అమ్మకపు ఖర్చులు పోగా మినహాయింపునకు మించిన లాభము 3 లక్షలకు పైగా నుండును. దానిపై రెండు ప్రభుత్వములకును కలిపి 80, 90 వేలు చెల్లింపవలసిరావచ్చును. యజమాని ముందే టెక్సాస్‌కు చేరినను కాలిఫోర్నియా తన భాగమును విడువదు. వంటగది బాగుచేయించిన, కప్పు మార్పించిన రసీదులను దాచుకొన్నవారికి ఈ లాభము లెక్కలో కొంత తగ్గును. న్యూజెర్సీ విడిచిపోవువారు 'ఎగ్జిట్ టాక్స్' అని భయపడునది, అమ్మకము వేళ ముందుగా కట్టించుకొను ఆదాయపు పన్నే. తరువాత లెక్క చూపినచో ఎక్కువైనది తిరిగివచ్చును.

హెచ్-1బి వీసాపై నున్నవారు ఉద్యోగస్థలము వేరొక మహానగర ప్రాంతమునకు మారినచో సంస్థచేత సవరించిన దరఖాస్తు వేయింపక కదలరాదు. అట్టివారికి ఎన్నేండ్లు ఆ యింట నిలుతుమో తెలియదు గనుక, కొనుటకును అమ్ముటకును అగు ఖర్చును ముప్పదేండ్లపై గాక మూడు నాలుగేండ్లపై పరచి చూచుకొనుట క్షేమము.

ఇల్లు ఖాయము చేయుటకు ముందు ఆ నిర్దిష్టమైన చిరునామాకు గతసంవత్సరపు పన్ను ఎంతో, ఏయే మండలులు ఆ నేలపై పన్ను వేయుచున్నవో కౌంటీ దస్తావేజులలో చూచుకొనవచ్చును. కాని అమ్ముచున్నవాడు అరువదియైదేండ్లు దాటినవాడైనచో అతనికి పాఠశాల పన్ను స్తంభించియుండును, ఆ అంకె క్రొత్తవానికి వర్తింపదు. టెక్సాస్ ఒప్పందములలో స్వల్పమైన రుసుముపై కొన్ని దినముల 'ఆప్షన్' గడువు దొరకును. ఆ దినములలో కొనువాడు ఏ కారణమును చెప్పకయే వెనుకకు మరలవచ్చును. ఉత్తర కరోలినాలో అట్టి గడువునకిచ్చు 'డ్యూ డిలిజెన్స్' రుసుము సాధారణముగా తిరిగిరాదు, పోటీ ఉన్న పేటలలో అది పెద్ద మొత్తమే. ఏ రాష్ట్రమైనను, గడువు తీరకముందే పునాదిని పరీక్షింపజేసి, భీమా సంస్థనుండి ధరయు డిడక్టిబులును వ్రాతమూలకముగా తెప్పించుకొని, పూర్తి ఇంటి విలువపై కట్టిన పన్నుతో నెలసరి వాయిదా ఎంతో ఋణసంస్థచేత మరల లెక్క వేయింపవలెను.