ఒకే ప్లాను, ఊరికో మేస్త్రీ

రండర్రా, అరుగు మీద చోటుంది, సర్దుకుని కూర్చోండి. ఫోన్లో ఏదో పేజీ తెరుస్తారు కదా, అది అచ్చేసిన ఫొటోలాగా ఎక్కడో తయారై వస్తుందనుకుంటున్నారా? కాదమ్మా. వచ్చేది ఉత్త రాత. ఇక్కడ శీర్షిక పెట్టు, ఇక్కడ బొమ్మ పెట్టు, ఈ పెట్టె వెడల్పు ఇంత, రంగు నీలం అని రాసి పంపిస్తారు. దాన్ని చదువుకుని పేజీ కట్టేది మీ చేతిలో ఉన్న బ్రౌజరే. ఇల్లు కట్టమని ప్లాను కాగితం చేతికిస్తామే, అలాగన్నమాట. కాగితం ఒక్కటే, మేస్త్రీ మాత్రం ఊరికొకడు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1990లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బర్నర్స్-లీ మొట్టమొదటి బ్రౌజరు రాశాడు. అది నెక్స్ట్ అనే కంప్యూటరు మీద తప్ప నడిచేది కాదు. ఆ కంప్యూటర్లు ఎందరి దగ్గరుంటాయి? అందుకని నికోలా పెల్లో అనే విద్యార్థిని ఏ పాత యంత్రం మీదైనా నడిచేలా అక్షరాలు మాత్రమే చూపించే ఇంకో బ్రౌజరు రాసింది. చూశారా, వెబ్ పుట్టిన కొద్దిరోజులకే ఒకే పేజీని ఇద్దరు రెండు తీర్లుగా చూశారు!

నిజానికి బ్రౌజరు లోపల పేజీ కట్టే భాగమొకటి ఉంటుంది, అదే అసలు మేస్త్రీ. ఇప్పుడు మన మేస్త్రీల పేర్లు చెప్తా, వినండి. క్రోమ్‌లో పనిచేసేవాడు బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌లో గెకో. సఫారీలో వెబ్‌కిట్. ఎడ్జ్, ఒపెరా అని బోర్డులు వేరుగా ఉన్నా లోపల ఉన్నది బ్లింకే. ఐఫోన్లో క్రోమ్ తెరిస్తే మాత్రం మన దగ్గర లోపల కూర్చుని కట్టేది వెబ్‌కిట్. ఐఫోన్లో బయటి మేస్త్రీలకు ఆపిల్ చాలాకాలం చోటివ్వలేదు. ఐరోపా సమాఖ్య చట్టం వల్ల 2024లో అక్కడ తలుపు తెరిచింది. కాబట్టి బోర్డు చూసి మేస్త్రీ ఎవరో చెప్పలేం.

సరే, ఒక లెక్క చెప్తా, వేళ్ల మీద చెయ్యండి. పెట్టె వెడల్పు 300 పిక్సెళ్లు అని ప్లానులో ఉంది. లోపల రెండు పక్కలా 20 చొప్పున ఖాళీ, అంచుకు 5 చొప్పున గీత. మొత్తం ఎంతయింది? 350. పేజీ కొలతలు, రంగులు రాసే భాష సీఎస్ఎస్; 1996లో వచ్చిన దాని నియమం కూడా అదే చెప్పింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 అనే పాత బ్రౌజరు మాత్రం అలా అనుకోలేదు. ఖాళీ, గీత అన్నీ కలిపి 300 అని, లోపల 250 మాత్రమే మిగిల్చింది. గది పది అడుగులంటే మేస్త్రీ అడుగుతాడు చూడండి, గోడలతో కలిపా, గోడలు కాకుండానా అని? ఆ ప్రశ్న అడగకుండా ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టేశారు. ఆ 50 తేడాకు, పక్కన ఉండాల్సిన పెట్టె కిందికి జారిపోయేది. పేజీలు రాసేవాళ్లు రాత్రుళ్లు కూర్చుని దిద్దుకునేవాళ్లు. ఇప్పుడైతే బాక్స్ సైజింగ్ అని ఒక్క మాట రాసి ఏ కొలతో రాసేవాళ్లే చెప్పేస్తున్నారు. అన్నట్టు, గోడలతో కలిపి కొలవడమే సులువని ఇవాళ చాలామంది అదే వాడుతున్నారు!

మేస్త్రీల తగువు ఇలా ఉండగా స్థలం తగువు ఒకటి వచ్చిపడింది. 2007లో ఐఫోను వచ్చేసరికి పేజీలన్నీ కంప్యూటరు తెరకు కట్టినవే. పాపం ఆ ఫోను తన వెడల్పు 980 పిక్సెళ్లని నటించి, పేజీ అంతా కుదించి చూపించేది. అక్షరాలు ఆవగింజలంత. 2010లో ఈథన్ మార్కాట్ అనే ఆయన, తెర ఎంతుంటే పేజీ అంతకు సర్దుకునేలా రాయాలని చెప్పి ఆ పద్ధతికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు.

పేజీలు ఇలా రాసి, అన్ని ఫోన్లలో సరిగా వస్తున్నాయా అని చూడటమే మీ పెద్దక్క చేసే పనిరా. మొన్న మంచం నిండా ఫోన్లు పరిచింది చూశారుగా? లాప్‌టాప్‌లోనే ఫోను తెరంత చేసి చూడొచ్చు, అది తొలి పరీక్షకు మంచిదే. కాకపోతే క్రోమ్‌లో అలా చూస్తే స్థలం చిన్నదవుతుందే గానీ మేస్త్రీ మారడు, అదే బ్లింక్. ప్లేరైట్ అనే పనిముట్టు పేజీని మూడు రకాల మేస్త్రీల చేతా కట్టించి తనిఖీ చేస్తుంది. అయినా అసలు ఫోను చేతిలోకి తీసుకుంటే గాని తెలియనివి ఉంటాయి. మౌసు మొన సన్నం, మన వేలు లావు, దగ్గర దగ్గర బటన్లయితే ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతాం. కీబోర్డు పైకి రాగానే పంపించే బటను దాని కిందికి పోతుంది. ఎండలో లేత బూడిద రంగు అక్షరాలు కనిపించవు. అందుకే పేజీ అంతా పూర్తయ్యేదాకా ఆగకుండా, ముక్క రాసినప్పుడల్లా చూసుకోవాలంటుంది మీ అక్క.

మన తెలుగు పేజీ అయితే ఇంకా జాగ్రత్త కావాలి. స్త్రీ అనే ఒక్క అక్షరం చూడండి, పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, ర వత్తు. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు బటను కడితే వత్తులు తెగిపోతాయి. అంతెందుకు, 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అక్షరంతో ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి! మనం మామూలుగా టైపు చేసే జ్ఞా కాదులెండి. జకారం, పొల్లు, ఞకారం తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని చిన్న గుర్తొకటి ఇరుక్కుంటే ఐఓఎస్ 11.2.5 దాన్ని చూపించలేక చతికిలపడింది. ఆ నెలలోనే 11.2.6 తెచ్చి సరిచేశారు. అంత పెద్ద సంస్థ పరీక్షల్లో దొరకనిది మన లిపి దగ్గర బయటపడింది.

అందుకని పిల్లలూ, రేపు మీరూ ఇలాంటివి తయారుచేస్తారు. మీ ఫోన్లో బాగుంటే సగం పనే అయినట్టు. మీ వీధిలో అందరికన్నా పాత ఫోను ఎవరి దగ్గరుందో కనుక్కుని, దాంట్లో తెరిచి, వాళ్ల చేతే నొక్కించి చూడండి. అక్కడ కూడా నడిస్తేనే పని పూర్తయినట్టు.