తప్పిపోయిన పిల్లి చెప్పే పాఠం
పిల్లులకూ కావాలి కుటుంబ నియంత్రణ

గేదె తప్పిపోతే ఊరంతా కదులుతుంది. కోడె కనబడకపోతే పొరుగూళ్ళకు కబురు వెళుతుంది. పిల్లి కనబడటం లేదంటే మాత్రం నవ్వేవాళ్ళే ఎక్కువ. "పోతే పోయింది, వీధిలో ఇంకొకటి దొరక్కపోతుందా?" అని తేలిగ్గా కొట్టిపారేస్తారు. నాలుగు వారాలు గడిచి, ధాన్యం బస్తాలకు చిల్లులు పడి, అటక మీద ఎలుకల పరుగులు మొదలైన తరువాత గానీ ఆ పిల్లి విలువ ఇంటివారికి తెలిసిరాదు.

అసలు పిల్లికీ మనిషికీ స్నేహం కుదిరిందే ధాన్యం వల్ల. మనిషి పంట పండించి గింజలు దాచుకోవటం మొదలుపెట్టాక ఎలుకలు వచ్చాయి. వాటి కోసం అడవి పిల్లులు ఊరిని చేరాయి. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధి ఒకటి బయటపడిందనీ, అందులో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టారనీ 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంత పాత నేస్తం ఇల్లు విడిచి ఎందుకు పోతుంది? పోయినదాన్ని ఎలా వెతకాలి? పోకుండా చూడటం ఎలా? ఈ ప్రశ్నలు చూడటానికి చిన్నవే అయినా వీటిలో ఇంటి ఆరోగ్యం, ఊరి ఆరోగ్యం కూడా ఇమిడి ఉన్నాయి.

చంకలో పిల్లను పెట్టుకొని...

చంకలో పిల్లను పెట్టుకొని సంతంతా వెతికినట్టు అని సామెత. పిల్లి విషయంలో చాలామంది చేసేది సరిగ్గా అదే. ఇంట్లో నాలుగు మూలలూ చూడకుండా ఊరి చివర చెరువు దాకా పోయి వస్తారు. 2018లో వెలువడిన ఒక విదేశీ పరిశోధనలో 1,210 తప్పిపోయిన పిల్లుల వివరాలు పరిశీలించారు. దొరికిన పిల్లులలో నూటికి 75 తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. మొత్తం పిల్లులలో మూడోవంతు మొదటి వారంలోనే ఇల్లు చేరాయి. కూర్చుని ఎదురుచూసిన వారికంటే నడుం కట్టి వెతికినవారికే ఎక్కువగా దొరికినట్టు కూడా ఆ పరిశోధనలో తేలింది.

అందువల్ల వెతకటం ఇంటినుంచే మొదలుపెట్టాలి. అటక, గాదె, పురి, మంచం కింద, బట్టల బీరువా, పిడకల గూడు, వంటచెరకు మోపుల వెనుక, గడ్డివాము సందులు, గొడ్ల పాక, ట్రాక్టరు తొట్టి, వీటిని కంటితో చూస్తే చాలదు, చేయిపెట్టి చూడాలి. చలికాలంలో వెచ్చదనం కోసం పిల్లులు ఆటోలు, వ్యానుల ఇంజను సందుల్లో దూరి పడుకోవటం కద్దు. బండి తీసేముందు పైన ఒక చరుపు చరిస్తే లోపలిది బయటకు దూకుతుంది.

ఆ తరువాత ఇరుగుపొరుగు ఇళ్ళు చూడాలి. పిల్లి లోపలికి దూరింది చూసుకోక తలుపు వేసి తాళం పెట్టటం తరచు జరిగేదే. కనుక తాళం పడిన ఇళ్ళు, ఎరువుల గోదాములు, రేషను దుకాణం, సెలవుల్లో మూసిన బడి గదులు, రైసుమిల్లు తెరిపించి చూడటం అవసరం. రోడ్డు కింది తూములు, పాడుబడ్డ బావులు మరువరాదు. బావిలో పడిన పిల్లి కోసం మనిషి దిగటం ప్రమాదం. వెదురు తట్టకు తాడుకట్టి దించితే అదే ఎక్కి కూర్చునే అవకాశం ఉంది. చెట్టెక్కిన పిల్లికి దిగటం కష్టం. దాని గోళ్ళ వంపు ఎక్కటానికే అనువైనది కావటం ఇందుకు కారణం. వాలుగా నిచ్చెన వేస్తే మేలు.

రాత్రివేళ వెతకటం మంచిది

బెదిరిన పిల్లి పిలిస్తే పలకదు. దాగినచోటనే ఉలుకూ పలుకూ లేకుండా రోజుల తరబడి ఉండిపోతుంది. యజమాని గొంతు విన్నా బయటకు రాకపోవచ్చు. దానికి మన మీద విశ్వాసం లేదని అనుకోరాదు. ప్రాణభయంలో ఉన్న జంతువు సహజ లక్షణం అది.

ఊరు సద్దుమణిగాక, మళ్ళీ తెల్లవారుజామున టార్చిలైటుతో వెళ్ళటం ఉత్తమం. వెలుతురు పడగానే పిల్లి కళ్ళు మెరుస్తాయి. లైటును కంటి ఎత్తున పట్టుకుంటే ఆ మెరుపు బాగా కనబడుతుంది. రోజూ అన్నం పెట్టే మనిషే, రోజూ పిలిచే పిలుపుతోనే పిలవాలి. పదిమంది కేకలు వేసుకుంటూ వెళితే ఉన్నది కాస్తా పారిపోతుంది. కాల్చిన ఎండుచేప వాసన చాలా దూరం పోతుంది. దానిని ఇంటి గుమ్మం దగ్గర పెట్టి, రాత్రి ఒక తలుపు ఓరగా తీసి ఉంచితే ఫలితం ఉండవచ్చు.

ఊరికి కూడా తెలియజేయాలి. పూర్వం చాటింపు వేసేవారు. ఇప్పుడు పంచాయతీ మైకు ఉంది, గ్రామస్థుల వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. ఫొటో పెడితే తోక, కాళ్ళ మచ్చలు కనబడేటట్టు ఉండాలి. ఒక గుర్తు మాత్రం చెప్పకుండా దాచుకోవాలి. దొరికిందని వచ్చినవారిని ఆ గుర్తు అడిగితే నిజం తేలుతుంది. పాలవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు, బడి పిల్లలు చూసినంతగా ఊరిని ఎవరూ చూడరు. వారికి చెప్పటం అన్నిటికంటే ముఖ్యం.

దొరికిన తరువాత

రోజుల తరబడి పస్తున్న పిల్లికి ఒక్కసారిగా గిన్నెడు పాలు పోయరాదు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు సరిగ్గా అరగవు. ముందు నీళ్ళు, తరువాత కొద్దికొద్దిగా మెత్తటి అన్నం, చేప పెట్టాలి. ఒంటిమీద గాట్లు ఉన్నాయేమో వెంట్రుకలు తప్పించి చూడాలి. పిల్లి పంటి గాటు పైకి చిన్నదే అయినా లోపల చీము పడుతుంది. జ్వరంగా ఉందని మనుషులు వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ వేయటం ప్రాణాంతకం. ఒక్క బిళ్ళకే పిల్లి చనిపోవచ్చు.

పొలాల్లో ఎలుకల మందు పెట్టే రోజుల్లో మరింత జాగ్రత్త అవసరం. బ్రోమడయోలిన్ తిన్న ఎలుకను పిల్లి తింటే దానికీ ముప్పే. చిగుళ్ళనుంచి, ముక్కునుంచి రక్తం కారినా, నీరసంగా పడి ఉన్నా వెంటనే పశువైద్యునికి చూపించాలి. ఈ విషానికి విటమిన్ కె1తో చికిత్స ఉంది. ఆలస్యమైతే మాత్రం ఫలితం దక్కదు.

కాలు కాలిన పిల్లి

ఇక అసలు విషయానికి వద్దాం. పిల్లులు ఇల్లు విడిచి పోవటానికి ముఖ్యమైన కారణాలలో ఒకటి ఎద. గండుపిల్లి ఈడుకు వచ్చిందంటే కాలు కాలినట్టు ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆడపిల్లి వాసన తగిలితే వీధులు దాటుతుంది, రోడ్లు దాటుతుంది, లారీల కింద పడుతుంది. దారిలో తోటి గండుపిల్లులతో కలబడుతుంది. ఆ కాట్ల ద్వారా పిల్లులలో రోగనిరోధక శక్తిని హరించే వైరస్ కూడా ఒకదాని నుంచి మరొకదానికి అంటుతుంది. ఇది మనుషులకు సోకదు. పిల్లికి మాత్రం జీవితాంతం వదలదు.

ఆడపిల్లి సంగతి వేరు. సుమారు 6 నెలల వయసుకు, ఒక్కొక్కటి 4 నెలలకే ఎదకు వస్తుంది. రాత్రంతా పసిబిడ్డ ఏడ్చినట్టు అరుస్తుంది. గండుపిల్లితో కలవకపోతే ఎద తగ్గి, రెండు మూడు వారాలలో మళ్ళీ వస్తుంది. కలిస్తే సుమారు 63 రోజులకు ఈనుతుంది. ఈతకు మూడునుంచి ఐదు కూనలు మామూలు. కూనలు పాలు తాగుతుండగానే తల్లి తిరిగి చూలు కావచ్చు. మనవంటి వేడి ప్రాంతాలలో దీనికి కాలంతో పెద్దగా పనిలేదు. ఏడాదికి రెండు, మూడు ఈతలు సాధారణం.

కాగితం మీద లెక్క

ఒక ఆడపిల్లి ఏడాదికి రెండు ఈతలు, ఈతకు నాలుగు కూనల చొప్పున ఈనిందనుకుందాం. కూనలలో సగం ఆడవనీ, అన్నీ బతికాయనీ, మరుసటి ఏడాదినుంచి అవి కూడా ఇదే తీరున ఈనుతాయనీ అనుకుందాం. మొదటి ఏడు 8 కూనలు. రెండో ఏట 5 ఆడపిల్లులకు 40. మూడో ఏట 25 ఆడపిల్లులకు 200. మూడేళ్ళలో ఒక్క పిల్లి సంతానం 248.

మన ఊళ్ళలో ఇన్ని పిల్లులు కనబడవు. కారణం అవి పుట్టకపోవటం కాదు, బతకకపోవటం. కుక్కల పాలయ్యేవి కొన్ని, ఆకలికి, రోగానికి పోయేవి కొన్ని. గోనెసంచిలో మూటకట్టి కాలువగట్టున వదిలివేయబడేవి మరికొన్ని. కళ్ళు తెరవని కూనలను అలా వదిలిన చేతులే శనివారం గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొడతాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం, ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో జంతువును అకారణంగా వదిలివేయటం నేరం కూడా. చట్టం మాట అటుంచినా, ఏటా రెండుసార్లు ఇంటి ఇల్లాలికి, పిల్లలకు ఈ బాధ తప్పించే మార్గం ఉన్నప్పుడు దానిని ఉపయోగించుకోకపోవటం విచారకరం.

ఆపరేషన్ అంటే ఏమిటి?

ఆ మార్గమే సంతాన నిరోధక శస్త్రచికిత్స. ఆడపిల్లికి మత్తు ఇచ్చి, పొట్టపై చిన్న కోత పెట్టి గర్భసంచి, అండాశయాలు తీసివేస్తారు. గండుపిల్లికి వృషణాలు తీస్తారు. ఇది ఇంకా సులువైనది. ముందురోజు రాత్రి మేత ఎప్పుడు ఆపాలో డాక్టరు చెబుతారు. ఆ మాట తప్పక పాటించాలి. తరువాత పది రోజులపాటు పిల్లిని పొడిగా ఉన్న గదిలో ఉంచి, కుట్లు నాకకుండా చూసుకోవాలి. సాధారణంగా 5 నెలల వయసు ఇందుకు అనువైనది. ఈనిన పిల్లికైతే కూనలు పాలు మానాక, సుమారు 8 వారాల తరువాత చేయించవచ్చు.

ఆపరేషన్ అయిన గండుపిల్లికి తిరుగుడు, పోట్లాటలు, గోడలమీద కంపు కొట్టేలా మూత్రం చిమ్మటం చాలావరకు తగ్గుతాయి. ఆడపిల్లికి గర్భసంచిలో చీము పట్టే జబ్బు రాదు. 6 నెలల లోపు చేయిస్తే రొమ్ము క్యాన్సరు ముప్పు కూడా చాలావరకు తప్పుతుంది. కొందరు మనుషుల గర్భనిరోధక మాత్రలు పిల్లికి మింగించి చూస్తారు. అది ఆ జబ్బులనే కొనితెచ్చుకోవటం.

అపోహలు

ఆపరేషన్ చేయిస్తే పిల్లి ఎలుకలను పట్టదని గ్రామాల్లో ఒక నమ్మకం ఉంది. ఇది నిజం కాదు. వేటకూ ఎదకూ సంబంధం లేదు. ఆకలి కొంత పెరిగి ఒళ్ళు చేసే మాట వాస్తవం. మేత కాస్త తగ్గించి పెడితే సరిపోతుంది.

ఒక్క ఈతయినా ఈనాకే చేయించాలని మరికొందరి వాదన. అందువల్ల పిల్లికి ఒనగూడే మేలు ఏమీ లేదు.

ఇది పాపం కాదా అనేవారూ ఉన్నారు. కోడెదూడకు విత్తులు కొట్టించి అరక కట్టటం తాతల నాటినుంచి మన రైతులకు తెలిసినదే. దానిని ఎవరూ పాపమనలేదు, వ్యవసాయమన్నారు. పైగా ఈనాడు పిల్లికి మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా చేస్తున్నారు. పుట్టిన కూనలను కాలువగట్టున వదలటం కంటే పుట్టకుండా చూడటమే దయ.

ఊరి ఆరోగ్యం కూడా

పిల్లి కరిచినా, గీరినా రేబిస్ రావచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. వీధికుక్కలతో కలబడి వచ్చే తిరుగుబోతు పిల్లులవల్ల ఈ ప్రమాదం ఎక్కువ. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకటం దాదాపు అసాధ్యం. కాటు తగిలిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. సున్నం, పసుపు, కారం పెట్టరాదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. చెప్పిన తేదీలన్నిటికీ వెళ్ళి పూర్తిచేయాలి. పెంపుడు పిల్లికి 3 నెలలు నిండినప్పటినుంచి డాక్టరు సలహా ప్రకారం రేబిస్ టీకా వేయించాలి. ఆపరేషన్ కు తీసుకువెళ్ళినప్పుడే ఈ పని కూడా ముగించుకోవచ్చు.

మత్తు ఇచ్చి చేసే చికిత్స గనుక ఇది ప్రతి గ్రామంలోనూ వీలుపడదు. దగ్గరలోని పశువైద్యశాలలో విచారిస్తే ఎక్కడ చేస్తారో తెలుస్తుంది. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి. పశువైద్య సేవల ఉచిత ఫోను 1962కు చేసి కూడా అడగవచ్చు. పిల్లిని చేతుల్లో పట్టుకొని బస్సెక్కటం మంచిది కాదు. మూతి కట్టిన వెదురు బుట్టలో, అడుగున పాతబట్ట వేసి తీసుకువెళ్ళాలి. దారిలో తప్పిపోతే వెతకటం మరీ కష్టం.

ఒక్కొక్కరు విడివిడిగా పట్నం వెళ్ళటం ఖర్చుతో కూడిన పని. వీధిలోని నాలుగిళ్ళవారు కలిసి ఒక ఆటో మాట్లాడుకుంటే భారం తగ్గుతుంది. గ్రామాలలో పశువైద్య శిబిరాలు పెట్టినప్పుడు గేదెలు, మేకలతోపాటు పిల్లులను కూడా చూసి, ఆపరేషన్లకు ఒక రోజు కేటాయించేలా పంచాయతీలు కోరవలసిన అవసరం ఎంతైనా ఉంది. గాదె కాచే పిల్లి గడప దాటకుండా ఉండాలంటే వెతుకులాట కంటే ముందుచూపే మేలు.