క్రెడిట్ స్కోర్: జీతం బాగానే ఉన్నా లోన్ రిజెక్ట్ అవుతోందా..? ముందు మీ రిపోర్టులో ఏముందో చూడండి!

నెలనెలా జీతం పడుతోంది.. ఈఎంఐలు కూడా టైమ్‌కే కడుతున్నారు.. అయినా హోమ్ లోన్‌కి అప్లై చేస్తే ‘సిబిల్ తక్కువగా ఉంది సార్’ అంటూ ఫైల్ వెనక్కి వచ్చేస్తుంది. తమకంటూ ఒక క్రెడిట్ స్కోర్ ఉందని చాలామందికి తెలిసేది సరిగ్గా ఆ రోజే. అసలు ఈ స్కోర్ ఎవరిస్తారు? ఎందుకు పడిపోతుంది? మళ్లీ పెంచుకోవాలంటే ఏం చేయాలి? వివరాలు తెలుసుకుందాం.

ముందు మా డెస్క్‌లోనే ఒక సీనియర్‌కి జరిగిన సంగతి చెప్పాలి. హైదరాబాద్‌లో ఫ్లాట్ చూసుకున్నారు, బిల్డర్‌కి 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చారు. తీరా లోన్ దగ్గరికి వచ్చేసరికి బ్యాంకు కుదరదంది. రిపోర్టు తీసి చూస్తే.. ఆరేళ్ల కింద ఎవరో షాపింగ్ మాల్‌లో బతిమాలి అంటగట్టిన క్రెడిట్ కార్డు. ఒక్కసారి కూడా వాడలేదు. కత్తెరతో ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు కూడా. కానీ దాని వార్షిక ఫీజు జీఎస్టీతో కలిపి 1,180 రూపాయలు మాత్రం పడింది. దానిపై లేట్ ఫీజు, వడ్డీ, మళ్లీ వడ్డీ.. అన్నీ కలిసి 9 వేలు దాటాయి. రిపోర్టులో ఆయన పేరు పక్కన ‘రైట్ ఆఫ్’ అని ఉంది. డబ్బు కట్టి, రికార్డు సరిచేయించుకునేలోపు ఆ ఫ్లాట్ ఇంకొకరి పేరు మీదకు వెళ్లిపోయింది.

కార్డును కోసేస్తే కార్డు క్లోజ్ అయినట్టు కాదు. బ్యాంకుకు రిక్వెస్ట్ పెట్టి, క్లోజ్ చేసినట్టు మెయిలో, లెటరో తీసుకుంటేనే లెక్క. ఆర్బీఐ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, బకాయి ఏమీ లేకపోతే రిక్వెస్ట్ పెట్టిన 7 పని దినాల్లో బ్యాంకు కార్డును క్లోజ్ చేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కస్టమర్‌కే చెల్లించాలి. ఈ రూల్ ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

స్కోర్ ఇచ్చేది బ్యాంకు కాదు

మన దేశంలో ఆర్బీఐ లైసెన్స్ ఉన్న క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగున్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. 2000లో మొదలైన సిబిల్ వీటిలో పాతది. అందుకే ఏ సంస్థ స్కోర్ అయినా మన నోట్లో ‘సిబిల్’ అయిపోయింది, జిరాక్స్ లాగా. మీరు ఎక్కడెక్కడ లోన్ తీసుకున్నారు, ఎంత కట్టారు, ఎన్ని రోజులు ఆలస్యం చేశారు అన్న వివరాలను బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు ఈ సంస్థలకు పంపుతుంటాయి. ఇంతకుముందు నెలకోసారి పంపేవి. 2025 జనవరి నుంచి కనీసం 15 రోజులకోసారి పంపాలని ఆర్బీఐ ఆదేశించింది. ఆ వివరాలతో 300 నుంచి 900 మధ్య ఒక నంబర్ తయారవుతుంది. మామూలుగా 750 దాటితే మంచి స్కోర్ కింద లెక్క.

నాలుగు సంస్థల దగ్గరా ఒకే నంబర్ ఉండాలని రూలేమీ లేదు. ఒకచోట 762, ఇంకోచోట 741 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఎవరి లెక్క వాళ్లది. ఆ లెక్క పూర్తి ఫార్ములా మాత్రం ఎవరూ బయటపెట్టరు. సోషల్ మీడియాలో ‘పేమెంట్ హిస్టరీకి 35 శాతం, వాడకానికి 30 శాతం’ అంటూ తిరిగే చార్టులు అమెరికాలో వాడే ఫైకో స్కోర్‌వి. వాటిని యథాతథంగా మన సిబిల్‌కి అంటించేస్తున్నారు.

ఇంకో అపోహ జీతం గురించి. మీ జీతం, సేవింగ్స్ ఖాతాలో బ్యాలెన్స్, ఊళ్లో పొలం.. ఇవేవీ స్కోర్‌లో లెక్కలోకి రావు. లక్షన్నర జీతగాడికి 640 ఉండొచ్చు, 25 వేల జీతగాడికి 790 ఉండొచ్చు. ఈ నంబర్ చెప్పేది ఒక్కటే.. తీసుకున్న అప్పును ఎలా కట్టారని.

నంబర్ తేడాతో జేబుకు ఎంత చిల్లు?

చాలా బ్యాంకులు హోమ్ లోన్ వడ్డీని స్కోర్‌ని బట్టి నిర్ణయిస్తున్నాయి. ఉదాహరణకు 30 లక్షల లోన్, 20 ఏళ్లు అనుకుందాం. 8.5 శాతం వడ్డీకి దొరికితే ఈఎంఐ దాదాపు 26,035 రూపాయలు. స్కోర్ బాలేదని 9.25 శాతం వేస్తే 27,476 రూపాయలు. నెలకు 1,441 తేడానే కదా అనిపిస్తుంది. 240 నెలలకు లెక్కేస్తే 3 లక్షల 45 వేలు దాటుతుంది.

రిపోర్టులో చూడాల్సినవి ఇవే

స్కోర్ ఒక్కటే చూసి ఫోన్ పక్కన పడేయడం చాలామంది చేసే పొరపాటు. అసలు విషయమంతా కింద ఉండే రిపోర్టులో ఉంటుంది. ఏటా ఒకసారి పూర్తి రిపోర్టును ఈ నాలుగు సంస్థలూ ఉచితంగా ఇవ్వాల్సిందే. వాటి అధికారిక వెబ్‌సైట్లలో పాన్, మొబైల్ నంబర్‌తో తీసుకోవచ్చు. మీ స్కోర్ మీరు చూసుకుంటే తగ్గదు. లోన్ కోసం బ్యాంకు చూసినప్పుడు మాత్రమే అది ఎంక్వైరీగా నమోదవుతుంది. వారం రోజుల్లో ఐదారు చోట్ల అప్లై చేస్తే ‘ఈయనకు డబ్బు అత్యవసరంగా ఉన్నట్టుంది’ అని బ్యాంకుకు అనుమానం వస్తుంది. స్కోర్ దెబ్బతినేది అక్కడే.

ప్రతి లోన్ కింద నెలల వారీగా గళ్లు ఉంటాయి. గరిష్టంగా 36 నెలల చరిత్ర కనిపిస్తుంది. గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల టైమ్‌కి కట్టినట్టు. 030 అని ఉంటే 30 రోజుల ఆలస్యం. మూడు ఎక్స్‌లు ఉంటే ఆ నెల బ్యాంకు సమాచారం పంపలేదని అర్థం, అది మీ తప్పు కాదు.

మీరు తీసుకోని లోన్ ఏమైనా ఉందేమో చూడండి. మన పేర్లతో ఒక తంటా ఉంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో పొడి అక్షరమే ఉంటుంది, ఇంకోచోట పుట్టిన తేదీ తేడా. ఇలాంటప్పుడు ఒకరి వివరాలు ఇంకొకరి రికార్డులో కలిసిపోయే అవకాశం ఉంది. ‘పే లేటర్’ యాప్‌లు వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. యాప్ పేరు ఒకటి, రిపోర్టులో కనిపించే ఎన్‌బీఎఫ్‌సీ పేరు ఇంకొకటి. బిర్యానీ ఆర్డర్‌కి వాడిన 400 రూపాయలు కూడా అక్కడ లోన్ కిందే ఉండొచ్చు.

‘సెటిల్’ చేసుకుంటే పోతుందా?

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లక్ష బకాయి ఉంటుంది. రికవరీ వాళ్లు ఫోన్ చేసి ‘40 వేలు కట్టండి, క్లోజ్ చేసేస్తాం’ అంటారు. 60 వేలు మిగిలాయని మనకు సంతోషం. కానీ రిపోర్టులో ఆ లోన్ పక్కన ‘క్లోజ్డ్’ అని రాదు, ‘సెటిల్డ్’ అని వస్తుంది. అంటే ఈయన పూర్తిగా కట్టలేదు, మేమే వదులుకున్నాం అని బ్యాంకు చెప్పినట్టు. తర్వాత లోన్ ఇవ్వాల్సిన బ్యాంకు ఆ మాట చూడగానే వెనక్కి తగ్గుతుంది. ‘రైట్ ఆఫ్’ అయితే ఇంకా ఘోరం. రైట్ ఆఫ్ అంటే మాఫీ అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. అస్సలు కాదు. బ్యాంకు తన పుస్తకాల్లో సర్దుకుంది తప్ప మీ బాకీ అలాగే ఉంటుంది.

ఉద్యోగం పోయో, ఆసుపత్రి ఖర్చులొచ్చో వేరే దారి లేక సెటిల్ చేసుకున్నవాళ్లను తప్పుపట్టలేం. అలాంటివాళ్లకు ఒక మార్గం ఉంది. చేతిలో డబ్బు ఆడినప్పుడు బ్యాంకుకు వెళ్లి, అప్పట్లో వదిలేసిన మిగతా మొత్తం కడతామని అడగాలి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, స్టేటస్‌ను ‘క్లోజ్డ్’గా మార్చమని రాతపూర్వకంగా కోరాలి. ఆలస్యమైన నెలలు రికార్డులో ఉంటాయి కానీ, ఆ ఒక్క మాట మారడం చాలా పెద్ద తేడా.

మీరు చేయని తప్పుకు మీ స్కోర్

బావమరిది బండి లోన్‌కి షూరిటీ సంతకం పెట్టారా? ఆ లోన్ మీ రిపోర్టులోనూ ఉంటుంది. ఆయన కట్టకపోతే పడేది ఇద్దరి స్కోరూ. ‘ఊరికే సంతకమే కదా బావా’ అన్నప్పుడు కాదనలేం, మన ఇళ్లలో అది అంత తేలిక కాదు కూడా. కనీసం ఆ లోన్ ఈఎంఐ కడుతున్నారో లేదో రెండు మూడు నెలలకోసారి మీ రిపోర్టులో చూసుకోండి.

విదేశీ చదువుల లోన్లదీ ఇదే కథ. పిల్లల్ని అమెరికా పంపేటప్పుడు ఎడ్యుకేషన్ లోన్‌లో తండ్రో, తల్లో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు. అక్కడ ఉద్యోగం ఆలస్యమై ఈఎంఐ ఆగిందంటే ఇక్కడ నాన్న స్కోర్ పడిపోతుంది. తమ్ముడి చదువుకో, చెల్లి పెళ్లికో లోన్ అడిగేసరికి బ్యాంకు మొహం తిప్పుకుంటుంది. ఇబ్బంది వస్తుందనిపిస్తే ఈఎంఐ మిస్ కాకముందే బ్యాంకుతో మాట్లాడటం మేలు. మిస్ అయ్యాక మాట్లాడితే అప్పటికే రికార్డుకెక్కి ఉంటుంది. అన్నట్టు, ఇక్కడి సిబిల్ స్కోర్ అమెరికాలో మామూలుగా పనికిరాదు. అక్కడ అడుగుపెట్టిన విద్యార్థి లెక్క మళ్లీ మొదటి నుంచే.

గోల్డ్ లోన్ విషయంలోనూ ‘బంగారం వాళ్ల దగ్గరే ఉందిగా, స్కోర్‌కేం కాదులే’ అనుకుంటారు. గడువుకు రెన్యూవల్ చేయకపోతే అదీ ఓవర్‌డ్యూనే. ఊళ్లలో వారం వారం కట్టే మైక్రోఫైనాన్స్ లోన్లూ రిపోర్టులోకి వస్తాయి.

మరి పెంచుకోవడం ఎలా?

అన్నిటికన్నా ముందు డ్యూ డేట్. మర్చిపోయే అలవాటుంటే ఆటో డెబిట్ పెట్టేయండి, ఆ రోజుకి ఖాతాలో డబ్బు ఉండేలా చూసుకోండి. క్రెడిట్ కార్డు విషయంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. డ్యూ డేట్ దాటి 3 రోజులకు మించితేనే బకాయిగా రిపోర్ట్ చేయాలని ఆర్బీఐ నిబంధన. ఒక రోజు లేటయిందని గుండెలు బాదుకోనక్కర్లేదు, వెంటనే కట్టేయండి. మినిమమ్ డ్యూ కడితే డిఫాల్ట్ అవ్వదు, నిజమే. కానీ మిగిలిన మొత్తంపై చాలా కార్డుల్లో నెలకు 3 శాతానికి పైనే వడ్డీ పడుతుంది. ఏడాదికి లెక్కేసుకోండి.

కార్డు లిమిట్ లక్ష ఉంటే 80, 90 వేల దాకా వాడేసి, నెలాఖరుకి మొత్తం కట్టేవాళ్లుంటారు. ఒక్క రూపాయి ఎగ్గొట్టకపోయినా వాళ్ల స్కోర్ పెరగదు. ఎందుకంటే బ్యాంకు వివరాలు పంపే తేదీన కార్డుపై ఎంత బాకీ ఉందో అదే రికార్డుకి వెళ్తుంది. లిమిట్‌లో 30 శాతం లోపు వాడితే మంచిదన్నది సాధారణంగా చెప్పే లెక్క. పెద్ద కొనుగోలు చేస్తే స్టేట్‌మెంట్ వచ్చేదాకా ఆగకుండా మధ్యలోనే కొంత కట్టేయొచ్చు. ఫీజు లేని పాత కార్డు ఉంటే క్లోజ్ చేయకుండా ఉంచుకోవడమే మంచిది, మీ చరిత్ర పొడవు అందులోనే ఉంటుంది.

ఇప్పటివరకు లోనే తీసుకోనివాళ్లకు స్కోర్ బదులు ‘ఎన్‌హెచ్’ అనో, మైనస్ 1 అనో కనిపిస్తుంది. దాన్ని చెడ్డ స్కోర్ అనుకోవద్దు. క్రెడిట్ హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్లై చేసేవారిని తిరస్కరించొద్దని బ్యాంకులకు ఆర్బీఐ సూచించిందని, కనీస స్కోర్ అంటూ ఏదీ నిర్ణయించలేదని కేంద్రం 2025లో పార్లమెంటుకు తెలిపింది. అలాగని బ్యాంకు తప్పక ఇస్తుందనీ కాదు, మిగతావన్నీ చూస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకుని, నెలకు కొంచెం వాడి పూర్తిగా కడుతూ పోతే కొన్ని నెలల్లో స్కోర్ మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసింది కూడా ఇదే.

‘15 రోజుల్లో మీ సిబిల్ 800 చేస్తాం’ అంటూ ఇన్‌స్టాలో వచ్చే యాడ్స్ మాత్రం నమ్మకండి. నిజంగా జరిగిన ఆలస్యాన్ని రికార్డు నుంచి తీసేసే అధికారం ఏ ఏజెంట్‌కీ లేదు. ఫీజు తీసుకుంటారు, పాన్, ఆధార్, ఓటీపీ అడుగుతారు. ఆ వివరాలతో మీ పేరు మీద కొత్త లోన్ పుట్టినా ఆశ్చర్యం లేదు.

తప్పు బ్యాంకుదైతే..?

రిపోర్టులో తప్పుంటే సరిచేయించుకోవడానికి పైసా ఖర్చు లేదు. సిబిల్ లాంటి సంస్థ వెబ్‌సైట్‌లోని డిస్ప్యూట్ సెక్షన్‌లో గానీ, నేరుగా బ్యాంకులో గానీ ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు నంబర్ తప్పకుండా దాచుకోండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. అప్పటికీ స్పందన లేకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబర్ నుంచి ఈ క్రెడిట్ సంస్థలపైనా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఆర్బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఎలా చేయాలో తెలియకపోతే 14448 నంబర్‌కి కాల్ చేసి అడగొచ్చు. అయితే ముందు బ్యాంకుకో, క్రెడిట్ సంస్థకో ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగి ఉండాలి. ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు బిల్డర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే రిపోర్టు తీసుకుంటే ఈ వ్యవధి కలిసొస్తుంది.