రెండు కూటముల నడుమ ఆర్మేనియా

ఒక దేశం ఎన్ని స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలలోనైనా చేరవచ్చు గాని, ఒక కస్టమ్స్ యూనియన్‌లో ఉంటూ బయటి విపణితో సుంకాల విషయమై సొంతంగా ఒప్పందం చేసుకోవడం సాధ్యం కాదు. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో దేశాలు తమలో తాము సుంకాలు తగ్గించుకుని, ఇతరుల సరుకుపై ఎవరి సుంకం వారే నిర్ణయించుకుంటాయి. కస్టమ్స్ యూనియన్‌లో మాత్రం బయటి సరుకుపై సభ్యదేశాలన్నీ ఒకే సుంకం విధించవలసి ఉంటుంది గనుక, దానిని తగ్గిస్తామని మరొకరికి మాట ఇచ్చే అధికారం ఏ ఒక్క దేశానికీ మిగలదు. సుమారు 30 లక్షల జనాభా గల ఆర్మేనియా 2013లో చిక్కుపడింది ఈ నియమం దగ్గరే.

ఆ ఏడాది జులై నాటికి ఐరోపా సమాఖ్యతో అనుబంధ ఒప్పందంపైనా, అందులో భాగమైన స్వేచ్ఛా వాణిజ్యంపైనా ఏళ్ల తరబడి సాగిన చర్చలు ముగిశాయి. నవంబరులో విల్నియస్‌లో జరగనున్న సదస్సులో ఆ పత్రాలకు ప్రాథమిక ఆమోదం లభించవలసి ఉండగా, సెప్టెంబరు 3న మాస్కోలో రష్యా అధ్యక్షుడు పుతిన్‌ను కలిసిన అప్పటి ఆర్మేనియా అధ్యక్షుడు సెర్జ్ సర్గ్‌స్యాన్, రష్యా, బెలారుస్, కజఖ్‌స్తాన్‌ల కస్టమ్స్ యూనియన్‌లో తమ దేశం చేరుతుందని ప్రకటించారు.

దీనిని లాభనష్టాలు బేరీజు వేసి చేసిన ఎంపిక అనడం సత్యానికి దూరం. ఆర్మేనియాకు నలుగురు పొరుగువారు ఉండగా, నగోర్నో కరబఖ్ వివాదం కారణంగా అజర్‌బైజాన్, 1993 నుంచి టర్కీ సరిహద్దులు మూసివేసినందున, జార్జియా, ఇరాన్ దారులు మాత్రమే మిగిలాయి. దేశ భద్రతకు గ్యుమ్రీలోని రష్యా సైనిక స్థావరమే అండగా ఉండేది. ఇళ్లకు, కర్మాగారాలకు అందే సహజవాయువు ప్రధానంగా రష్యాదే, దాని ధర పెరిగిందీ 2013లోనే. ఇన్ని విషయాల్లో ఒకే దేశంపై ఆధారపడిన ప్రభుత్వం ముందున్న ప్రశ్న సుంకాలకు సంబంధించినది కానే కాదు.

ఆ కస్టమ్స్ యూనియన్ పునాదిపై ఏర్పడి, 2015 జనవరిలో ఆర్మేనియా సభ్యత్వం పొందిన యురేషియా ఆర్థిక కూటమిలో మరే దేశంతోనూ దానికి ఉమ్మడి సరిహద్దు లేదన్నది ఈ ఉదంతంలో అన్నిటికన్నా గమనించదగిన విషయం. రాజధాని యెరెవాన్ నుంచి బయలుదేరిన లారీ జార్జియాను దాటి, కాకసస్ పర్వతాల నడుమ ఇరుకు లోయలో ఉన్న లార్స్ తనిఖీ కేంద్రం మీదుగా రష్యాలో ప్రవేశించాలి. మంచు కురిసినా, కొండచరియలు విరిగిపడినా దారి మూతబడి లారీలు బారులు తీరుతాయి. కోసిన కొద్ది రోజులకే చెడిపోయే ఆప్రికాట్ పండ్లు ఎగుమతి చేసే రైతుకు సుంకం లేకపోవడం కన్నా ఆ దారి తెరిచి ఉండడమే ముఖ్యం.

ఐరోపాతో తెగిన బంధాన్ని 2017 నవంబరులో మరో ఒప్పందం కొంత ముడివేసింది గాని, కస్టమ్స్ యూనియన్ నియమం అడ్డురావడంతో సుంకాల రద్దుకు అందులో చోటు దక్కలేదు. కరబఖ్ కోసం అజర్‌బైజాన్‌తో 2020లో జరిగిన యుద్ధంలో ఓటమి, 2023 సెప్టెంబరులో లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కరబఖ్‌ను విడిచి వలస రావడం, రష్యా రక్షణపై ఉన్న నమ్మకాన్ని బాగా దెబ్బతీశాయి. రక్షణ కోసం చేసిన త్యాగానికి రక్షణే దక్కకపోతే ఆ ప్రజల ఆగ్రహం సహజమే, న్యాయమే. 2025 మార్చిలో పార్లమెంటు ఐరోపా సమాఖ్యలో చేరే ప్రక్రియకు చట్టబద్ధత కల్పించింది. అయితే ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యాతో ఆర్మేనియా వాణిజ్యం తగ్గకపోగా అనేక రెట్లు పెరిగింది. వాయువుతో పాటు గోధుమలూ అధికంగా అక్కడి నుంచే వస్తున్నాయి. రెండు కూటముల్లోనూ ఏకకాలంలో సభ్యత్వం కుదరదని అంగీకరిస్తూనే, ఎంపిక అనివార్యమయ్యే వరకు యురేషియా కూటమిలోనే కొనసాగుతామని ప్రధాని నికోల్ పషిన్యాన్ చెబుతున్నారు.